నల్ల టేపు చుట్టిన తెల్ల తీగ

అమెరికాలో ఇండియానా ఉత్తర మూలన మా కౌంటీలో ఏ ఇంటి తలుపు తట్టినా మోటర్‌హోమ్‌లు, అంటే చక్రాల మీది ఇళ్లు, కట్టిన మనిషే బయటికొస్తాడు. ఒకడు పైకప్పులు అతికించి ఉంటాడు, ఒకడు మంచాలు బిగించి ఉంటాడు, ఒకడు ఇరవై ఏళ్లపాటు బాత్రూమ్ తలుపులకి గడియలే పెట్టి ఉంటాడు. ఆర్డిస్ బ్రూబేకర్ వైర్లు లాగింది. పద్దెనిమిదో ఏట స్క్రూడ్రైవర్ పట్టుకుని ఫ్యాక్టరీ లైనులో నిలబడి, అరవై రెండో ఏట కింద పెట్టింది. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, లైను ఆగితేగా అనేది.

ఆమెకి ఒక అలవాటు ఉండేది. ప్రతి బండికీ కరెంటు డబ్బా బిగించాక, మూత లోపలివైపు పెన్సిలుతో ఆ రోజు తేదీ, దాని పక్కన వాతావరణం రాసేది. ‘మంచు.’ ‘గాలి, చలి.’ ‘ఎండ, ఉక్క.’ ఎవరూ చూడరు కదా ఎందుకమ్మా అంటే, చూస్తే చూస్తారు, లేకపోతే లేదు అనేది. అలా వేలాది మంది ఫ్లోరిడాకీ అరిజోనాకీ తెలియకుండానే ఆర్డిస్ వాతావరణాన్ని మోసుకుని తిరిగారు. ఆర్డిస్ మాత్రం జూలైలో ఫ్యాక్టరీ మూసిన రెండు వారాలూ ఇంట్లో టమాటా మొక్కలకి కర్రలు కట్టుకుంటూ ఉండిపోయేది.

అరవై ఐదు నిండాక ఒక వేలంలో పాత బండి కనిపించింది. ముందు చక్రాలు చూడాలి, ఇంజను చూడాలి. ఈవిడ నేరుగా లోపలికెళ్లి డబ్బా మూత విప్పింది. ‘1996 మార్చి 12. చినుకులు.’ తన చేతిరాత. ఇక బేరం ఏముంది, అడిగినంతా ఇచ్చి ఇంటికి తెచ్చుకుంది. వచ్చే సోమవారం పొద్దున సుపీరియర్ సరస్సు దాకా వెళ్లాలి. జీవితంలో మొదటి ప్రయాణం. మ్యాపు మడిచి స్టీరింగు పక్కన పెట్టి మూడు వారాలైంది.

బండి బయల్దేరే ముందు ఇంటి దగ్గర ఒకటి రెండు రోజులు కరెంటుకి తగిలించి ఉంచాలి. ఫ్రిజ్ చల్లబడాలి, బ్యాటరీలు నిండాలి. మొదట గ్యారేజీ నుంచి నారింజ రంగు ఎక్స్‌టెన్షన్ తీగ లాగింది. గంటయ్యాక ప్లగ్గు దగ్గర చెయ్యి పెట్టి చూస్తే చుర్రుమంది. వెంటనే పీకేసింది. బండికి విడిగా లావు తీగ, సొంత బ్రేకరు, సొంత సాకెట్టు ఉండాల్సిందే. ఆ పని ఆర్డిస్ కళ్లు మూసుకుని చేయగలదు. చేసేదే కూడా, చెల్లెలు ఇర్మా అడ్డం పడకపోతే.

“అక్కా, దండం పెడతా, ఆ పని మా ఆయనకివ్వు,” అంది ఇర్మా. “గుండె ఆపరేషనయ్యాక రెండేళ్ల నుంచీ కుర్చీ కదలడు. పొద్దస్తమానం వాతావరణం ఛానెల్ చూస్తాడు. మా ఇంట్లో ఒక్క స్విచ్చు మిగల్లేదు, ఒక్కోటీ మూడుసార్లు మార్చాడు. ఇంకేమీ లేక నిన్న డోర్‌బెల్ విప్పాడు.”

ఇర్మా మొగుడు ఎల్డన్. నలభై ఒక్క ఏళ్లు ఇళ్లకీ కొట్టాలకీ వైరింగు చేసినవాడు. అతను బిగించిన స్విచ్చు వంకరగా ఉందని కౌంటీలో ఎవడూ అనలేదు. అంత నికార్సయిన పనివాడు. ఆర్డిస్ సరేనంది. అంది గానీ, ఆ రాత్రి ఆమెకి నిద్ర పట్టలేదు. కారణం వెండెల్ పిడుగు.

పదిహేనేళ్ల కిందటి మాట. వీధి చివర ఉండే రైతు వెండెల్ క్రాఫ్ తన మోటర్‌హోమ్‌ని ఫ్యాక్టరీ రిపేరు షెడ్డుకి తెచ్చాడు. టీవీ కాలింది, మైక్రోవేవ్ కాలింది, ఫ్రిజ్ లోపలి పలక నల్లగా మాడి ఉంది. విప్పింది ఆర్డిసే. వాసన చూడగానే విషయం తెలిసిపోయింది. ఇది పైనుంచి పడ్డది కాదు, సాకెట్టులోంచి వచ్చింది. సాకెట్టు ఎవరు పెట్టారని అడిగింది. వెండెల్ షెడ్డు పైకప్పు వైపు చూసి, ఎల్డన్ పెట్టాడన్నాడు. కాసేపాగి, “రిపేరు కార్డు మీద పిడుగని రాయి ఆర్డిస్. మంచోడు పాపం,” అన్నాడు. ఆర్డిస్ రాసింది. వేల మూతల మీద ఒక్క చినుకు కూడా అబద్ధం రాయని మనిషి, మబ్బు తునక లేని రోజుకి పిడుగు రాసింది.

ఆ తర్వాత వెండెల్ ఆ పిడుగుని బాగానే పెంచి పోషించాడు. కాఫీ హోటల్లో చెప్పినప్పుడల్లా అది కాస్త లావయ్యేది. వడగళ్లకి టపా డబ్బా సొట్టపోతే బీమా కంపెనీకి మూడు ఉత్తరాలు రాసిన మనిషి, పిడుగుకి మాత్రం ఒక్క కాగితమూ పంపలేదు. ఆ సంగతి ఎల్డన్‌కి వింతగా తోచాల్సింది. తోచలేదు. తనూ ఆ కథని నలుగురికీ చెప్పాడు.

ఇదంతా మా వైపు మర్యాద. ఎదుటివాడు తప్పు చేస్తుంటే మేం తప్పు అనం. అతని కప్పులో ఇంకొంచెం కాఫీ పోస్తాం. అర్థం చేసుకునేవాడు చేసుకుంటాడు, మిగిలినవాడు రాత్రంతా మేలుకుంటాడు.

ఇప్పుడు ఆర్డిస్ ముందున్నది ఇదీ. ఎల్డన్ పాత పద్ధతిలోనే తగిలిస్తే తన బండి మాడిపోతుంది, సరస్సు అయిపోయినట్టే. తప్పని చెబితే, రెండేళ్ల తర్వాత లేచిన మనిషి మళ్లీ కుర్చీలో కూలబడతాడు. ఈసారి లేవడేమో. చెల్లెలి మొహం ఎలా చూడాలి? ఈ పదిహేనేళ్లలో ఎల్డన్ ఎక్కడో నేర్చుకునే ఉంటాడు అని తనకి తాను చెప్పుకుంది. ఆ మాట మీద వారం గడిపింది.

ఆ వారం ఎల్డన్ పని చూస్తే ముచ్చటేసింది. కౌంటీ ఆఫీసు నుంచి అనుమతి కాగితం తెచ్చి గ్యారేజీ కిటికీకి అంటించాడు. తవ్వేముందు గ్యాసువాళ్లకీ టెలిఫోనువాళ్లకీ ఫోను చేస్తే, వాళ్లొచ్చి పచ్చిక నిండా పసుపు, నారింజ జెండాలు గుచ్చి వెళ్లారు. ఆ జెండాలకి దూరంగా, గ్యారేజీ నుంచి బండి నిలిపే కంకర మడి దాకా, మూరెడు లోతున కాలవ తవ్వాడు. పైపు వేశాడు, అందులో లావుపాటి రాగి తీగలు లాగాడు, చివర వాన పడినా తడవని మూతడబ్బా నిలబెట్టాడు. లెవెల్ గొట్టం పెట్టి చూస్తే బుడగ సరిగ్గా నడుమ నిలబడింది. పని చేస్తున్నంతసేపూ ఈల వేశాడు. ఇర్మా అక్క వంటింటి కిటికీలోంచి ఆ ఈల విని కళ్లు తుడుచుకుంది.

శనివారం పొద్దున పది గంటలకి కరెంటు ఇవ్వాలని ముహూర్తం. తనిఖీకి కౌంటీ మనిషి పై వారం వస్తాడు, ఈలోగా ఒకసారి చూసుకుందాం అన్నాడు ఎల్డన్. ఇర్మా పుల్లని రూబార్బ్ కాడల కేకు తెచ్చింది. వెండెల్ తన మడత కుర్చీ చంకన పెట్టుకుని వచ్చాడు. మా వైపు ఎవరింట్లోనైనా గొయ్యి తవ్వితే మడత కుర్చీతో రావడం మామూలే.

ఆర్డిస్ కాఫీ కూజా పట్టుకుని గ్యారేజీలోకి వెళ్లింది. బ్రేకర్ల డబ్బా మూత ఇంకా బిగించలేదు. చూసింది. ఎల్డన్ నేర్చుకోలేదు.

ఇక్కడి ఇళ్లలో దీపాలకీ టీవీలకీ నూట ఇరవై వోల్టులు చాలు. బట్టలారబెట్టే మిషనులాంటి రాక్షసులకే రెండు ఫేజులు కలిపి రెండొందల నలభై ఇస్తారు. ముప్పై ఆంపులు, లావు ప్లగ్గు, మూడు కాళ్లు అనగానే ఇళ్ల ఎలక్ట్రీషియనుకి బట్టల మిషనే కళ్లముందు మెదులుతుంది. మోటర్‌హోమ్ ప్లగ్గుకీ అవే మూడు కాళ్లు, అవే ముప్పై ఆంపులు, కానీ ఒక్కటే ఫేజు. రెండోది న్యూట్రల్, మూడోది ఎర్తు. ఈ తేడా ఫ్యాక్టరీలో పనిచేసిన వాడికి ఒంటబట్టి ఉంటుంది, ఎన్ని ఇళ్లు వైరింగు చేసినా మిగతావాడికి తెలియదు. ఎల్డన్ జంట బ్రేకరు పెట్టాడు. నల్ల తీగ ఒక ఫేజుకి, తెల్ల తీగ రెండో ఫేజుకి. అంటే బండిలోకి రెండింతల వోల్టులు. పైగా తెల్ల తీగ చివర శ్రద్ధగా నల్ల టేపు చుట్టాడు, ‘ఇందులో కరెంటు ఉంది సుమా’ అని రేపు విప్పేవాడికి తెలియాలని. అంత జాగ్రత్తపరుడు. తప్పుని కూడా ఇంత పద్ధతిగా చేసిన మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు.

“కాఫీ పోయనా ఎల్డన్?” అంది.

పోయమన్నాడు. పోసింది. మా ఫ్యాక్టరీలో ఒక్క బ్రేకరే పెట్టేవాళ్లం అని గోడకి చెబుతున్నట్టు అంది. ఎల్డన్ నవ్వి, అది బండి లోపల వదినా, ఇది బండి బయట అని పావుగంట విడమరిచి చెప్పాడు. మళ్లీ పోసింది. నాకెందుకో ఆ తెల్ల తీగ గురించి, అని నీళ్లు నమిలింది. అందుకేగా టేపు చుట్టాను అన్నాడు. మూడో కప్పు పోసింది. గుండె డాక్టరు రోజుకి ఒకటే తాగమన్నాడని ఇర్మా గొణిగింది.

ఎల్డన్ మీటరు తీసుకుని సాకెట్టు దగ్గరికి నడిచాడు. రెండు ముళ్లూ రెండు కన్నాల్లో పెట్టి అందరికీ చూపించాడు.

“రెండొందల నలభై. ఒక్క వోల్టు అటూ ఇటూ లేదు, చూసుకోండి.”

వెండెల్ తన కప్పులోకి చూసుకున్నాడు. ఆర్డిస్ వెండెల్‌ని చూసింది. ఎల్డన్ వంగి బండి తీగ చివరనున్న లావు ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాడు. సాకెట్టుకీ ప్లగ్గుకీ మధ్య జానెడు దూరం ఉంది. కూజాలో కాఫీ అయిపోయింది.

“ఆగు ఎల్డన్. అది తప్పు.”

ఇర్మా చేతిలో చెంచా కంకరలో పడింది. నలభై ఏళ్లలో ఆ పెరట్లో ఎవరూ ఆ మాట అనలేదు.

ఎల్డన్ నెమ్మదిగా నడుం ఎత్తాడు. “నలభై ఒక్క ఏళ్లు చేశాను వదినా,” అన్నాడు. కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

“తెలుసు. ముందు బ్రేకరు దించు. ఒక్క దీపం పెట్టి చూద్దాం. ఫ్యాక్టరీలో మేం అలాగే చూసేవాళ్లం.”

ఆమె ఇంట్లోకెళ్లి బాతు దీపం తెచ్చింది. నెత్తిన నీలం టోపీ, మెడలో రిబ్బను ఉన్న పింగాణీ బాతు. టోపీ మీదే బల్బు. నలభయ్యో పుట్టినరోజుకి ఎల్డన్, ఇర్మా ఇచ్చారు. పాత రకం తీగబల్బు ఒకటి పెట్టింది. ఒక చివర లావు ప్లగ్గు, రెండో చివర మామూలు సాకెట్టు ఉన్న పొట్టి తీగ ఒకటి బండిలో ఉంటుంది. దాంతో బాతుని తగిలించింది. అందరినీ పది అడుగులు వెనక్కి జరగమంది. ఎల్డన్ గ్యారేజీలోకి వెళ్లి బ్రేకరు ఎత్తాడు.

పట్టపగటి ఎండలో ఆ బల్బు కళ్లు మూసుకోవాల్సినంత తెల్లగా వెలిగింది. మరుక్షణం ఠప్పుమని పగిలింది. బాతు టోపీ నల్లగా మసిబారింది. ఎల్డన్ ఎవరూ చెప్పకుండానే బ్రేకరు దించి బయటికి వచ్చాడు. బాతుని చూశాడు, సాకెట్టుని చూశాడు, కంకర మీద పడున్న బండి ప్లగ్గుని చూశాడు. ఇంకో జానెడైతే, అన్న సంగతి అతని మొహంలో కనిపించింది. తర్వాత చాలాసేపు ఏదో లెక్క వేసుకున్నట్టు నిలబడ్డాడు. మెల్లగా వెండెల్ వైపు తిరిగాడు.

“వెండెల్, నీకు పిడుగు పడ్డ రోజు మబ్బు పట్టిందా?”

వెండెల్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. “ఆ రోజు ఎండబెట్టడానికి గడ్డి కోస్తున్నాను,” అన్నాడు.

వాన సూచన ఉన్న రోజున గడ్డి కోసే రైతు మా కౌంటీలో లేడు. ఇంకేం అడగనవసరం లేకపోయింది. ఎల్డన్ పనిముట్లు ఒక్కొక్కటే సంచిలో వేసుకున్నాడు, ఏదో పరాయి వాళ్లవి తిరిగిచ్చేస్తున్నట్టు. ట్రక్కు వైపు నడిచాడు. ఇర్మా అక్క వైపు చూసిన చూపు ఆర్డిస్ చచ్చేదాకా మర్చిపోదు.

ఆర్డిస్ పరుగున వెళ్లి ట్రక్కు తలుపుకి అడ్డంగా నిలబడింది.

“వెండెల్ బండి విప్పింది నేనే. కార్డు మీద పిడుగని రాసింది నేనే. అది నీ మీద దయ అనుకున్నాను. దయ కాదు, ఎల్డన్. నీ మొహం మీద చెప్పడానికి భయం వేసింది. అప్పుడే చెప్పి ఉంటే పది నిమిషాల్లో తేలిపోయేది. పదిహేనేళ్లు మోశాను, సిగ్గేస్తోంది.”

ఆమె పచ్చిక వైపు చెయ్యి చూపించింది.

“ఆ కాలవ చూడు, తాడు పట్టినట్టుంది. ఆ డబ్బా చూడు. నా చేత అంత బాగా కాదు. అన్నీ సరిగ్గా చేశావు, ఒక్క తీగ తప్ప. ఆ తీగ నేను మార్చగలను. మార్చను. నీ పని అది.”

ఎల్డన్ సంచిలోకి చూసుకున్నాడు, మసిబారిన బాతు వైపు చూశాడు.

“ఇంకో బల్బుందా?” అన్నాడు.

పది నిమిషాలు కూడా పట్టలేదు. మెయిను కట్టేశాడు, మీటరుతో రెండుసార్లు చూసుకున్నాడు. జంట బ్రేకరు పీకి, ముప్పై ఆంపుల ఒంటి బ్రేకరు పెట్టాడు. నల్ల తీగ దానికి బిగించాడు. తెల్ల తీగ చివరి టేపుని గోరుతో గీకి గీకి తీశాడు. దాన్ని న్యూట్రల్ పట్టీకి బిగించాడు. సాకెట్టు దగ్గర మూడు తీగలూ వాటి వాటి మరల కింద ఉన్నాయో లేవో విప్పి చూశాడు. ఈసారి మీటరు నూట ఇరవై చూపించింది. ఎల్డన్ దాన్ని అందరికీ చూపించలేదు, ఆర్డిస్‌కి మాత్రమే చూపించాడు. బాతు నెత్తిన బల్బు మామూలుగా, పసుపుగా, ఎండలో వెలిగీ వెలగనట్టు వెలిగింది.

బండి తగిలించారు. లోపల ఫ్రిజ్ గొంతు సవరించుకుని పని మొదలుపెట్టింది. ఆర్డిస్ సాకెట్టు డబ్బా మూత లోపలివైపు పెన్సిలుతో రాసింది: ‘2019 మే 18. ఎండ. మబ్బు లేదు.’ పెన్సిలు ఎల్డన్‌కి ఇచ్చింది. అతను కింద ‘120’ అని రాసి, దాని కింద రెండు గీతలు గీశాడు.

ఇక ఇంటికెళ్తాడనుకున్నారు. ఎల్డన్ వెళ్లలేదు. బాతుని ట్రక్కులో పెట్టి, ఆర్డిస్‌ని ఎక్కమని, నేరుగా వెండెల్ ఇంటికి పోనిచ్చాడు. దారిలో ఆర్డిస్ ఒళ్లో బాతుని పెట్టుకుని, ఎలాగూ నోరు తెరిచాను కదా అని, ఇది నాకు పాతికేళ్లుగా నచ్చలేదు ఎల్డన్ అంది. మాకూ నచ్చలేదు, మీ పిన్ని మాకిస్తే నీకిచ్చాం అన్నాడతను. ఇద్దరూ నవ్వుతూనే వెండెల్ పెరట్లో దిగారు. వాళ్ల వెనకే వెండెల్ కుర్చీ చంకన పెట్టుకుని నడిచొచ్చాడు.

కొట్టం గోడకి ఆ పాత సాకెట్టు అలాగే ఉంది, తుప్పు పట్టి, లోపల సాలీడు గూడుతో. వెండెల్ మోటర్‌హోమ్ ఎప్పుడో అమ్మేశాడు. ఆ సాకెట్టుతో ఎవరికీ పని లేదు, వదిలెయ్యమన్నాడు. ఎల్డన్ వదల్లేదు. సాలీడుని కాగితం మీద బయటికి పంపాడు, బ్రేకరు మార్చాడు, అక్కడి తెల్ల తీగకి పదిహేనేళ్ల కిందట తనే చుట్టిన టేపు గీకి తీశాడు. మరలన్నీ కొత్తగా బిగించాడు. బాతుని తగిలించాడు. వెలిగింది. ముగ్గురూ పట్టపగలు దాని ముందు నిలబడి చూశారు. ఎల్డన్ కళ్లు తడిగా ఉన్నాయి, తుడుచుకోవడానికి సిగ్గుపడలేదు.

“ఇక ఇక్కడ పిడుగు పడదు,” అన్నాడు.

వెండెల్‌కి ఏం చెయ్యాలో తోచలేదు. లోపలికెళ్లి కూజాతో తిరిగొచ్చి, ఎల్డన్ చేతికి కప్పు అందించి, పోయబోయాడు. ఎల్డన్ కప్పు మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

“కాఫీ వద్దు వెండెల్. ఏమైనా ఉంటే నోటితో చెప్పు.”

వెండెల్ ఎనభై ఏళ్ల మనిషి. కూజా అలాగే గాల్లో పట్టుకుని, ధైర్యం కూడగట్టుకోవడానికి కాస్త టైము తీసుకున్నాడు.

“నీ ట్రక్కు,” అన్నాడు, “నా ఉల్లి మడిలో నిలబెట్టావు.”

ఎల్డన్ వెళ్లి ట్రక్కు తీశాడు.